హాస్టల్ ట్యాంకు కింద తేనెతుట్టె

ఏడాదిన్నర నుంచి ఈ గ్రూపులో అందరి పోస్టులు చదువుతున్న గానీ నేను రాసుడు ఇదే మొదటిసారి. జర పొడుగైంది. తప్పులుంటే మన్నించండి.

మాది నల్లమల, అమ్రాబాద్ దిక్కు ఒక చెంచు పెంట. నేను బీజెడ్సీ సెకండియర్. ఇది మా హాస్టల్‌కు వచ్చిన తేనెటీగల గురించి.

పోయిన ఏడాది, అంటే నా ఫస్టియర్‌ల, దీపావళి సెలవులు అయిపోయి వచ్చిన వారానికి మేడ మీద ఆరేసిన బట్టల మీద పసుపు మచ్చలు పడుడు మొదలైంది. ఆవగింజంత, మెంతి గింజంత ఉంటయి. తెల్ల చొక్కా మీద పడితే ఉతికినా తొందరగ పోవు. ఒకడు మున్సిపాలిటీ వాళ్ళు దోమల మందు కొట్టిన్రన్నడు. ఒకడు ఫ్యాక్టరీ పొగ అన్నడు. ల్యాబ్‌కు పంపాలె అని కూడ అన్నరు.

నాకు చూడంగనే తెలిసింది. మా గుడిసె మీద, మోదుగు ఆకుల మీద చిన్నప్పటి నుంచి చూసినవే. అది పెద్ద ఈగ దొడ్డికి పోయినది. తుట్టెల నుంచి ఈగలు ఒక్కసారి గుంపుగ లేచి, గాలిల తిరిగి, కడుపు ఖాళీ చేసుకొని మళ్ళ తుట్టెకు వస్తయి. అవి తిన్న పుప్పొడి పొట్టే ఆ పసుపు. తలకాయ ఎత్తి చూస్తే నీళ్ళ ట్యాంకు స్లాబు కింద రెండు తుట్టెలు ఉన్నయి. మెస్ వెనుక రావిచెట్టుకు ఇంకొకటి.

తెలిసి కూడ నేను చెప్పలేదు. "నీకెట్ల తెలుసురా" అంటరు. మా నాయిన తేనె తీస్తడని చెప్పాలె. హాస్టల్‌కు వచ్చిన మొదటి నెలల ఒక సీనియర్ "మీరు ఇంకా ఆకులే కట్టుకుంటరా" అని అందరి ముందు అడిగి నవ్విండు. అప్పటి నుంచి నేను ఏ ఊరంటే అమ్రాబాద్ అని చెప్పి ఆపేసేటోణ్ణి. పెంట పేరు చెప్పేటోణ్ణి కాదు.

ఈ పసుపు మచ్చల కథ మన హాస్టల్‌ల మాత్రమే కాదు, దేశాల మధ్యల కూడ నడిచిందని తర్వాత చదివిన. 1981ల అమెరికా విదేశాంగ మంత్రి అలెగ్జాండర్ హేగ్, సోవియట్ వాళ్ళు లావోస్, కంబోడియాల విష రసాయనాలు వాడుతున్నరని ఆరోపించిండు. దానికి "పసుపు వాన" అని పేరు పడ్డది. ఆకుల మీద, రాళ్ళ మీద పసుపు చుక్కలు సాక్ష్యంగ చూపెట్టిన్రు. హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల మీద పని చేసిన థామస్ సీలీ ఆ చుక్కలను పరీక్షిస్తే అంతా పుప్పొడి పొట్టే. వాళ్ళు 1984ల థాయిలాండ్ అడవికి పోతే వాళ్ళ మీదనే పడ్డదట ఆ వాన. లావోస్ కొండల్ల ఉండే హ్మోంగ్ ప్రజలు మనసొంటోళ్ళే. యుద్ధం తర్వాత వాళ్ళ మీద జరిగిన దాడులు నిజం, వాళ్ళు ఊర్లిడిచి పారిపోయింది నిజం. ఆ బాధను పక్కకు పెట్టి పెద్ద దేశాలు రెండు ఈగల పెంట గురించి కొట్లాడుకున్నయి. అది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెనుకనే మనసుకు కష్టం అనిపించింది.

సరే, మా హాస్టల్ సంగతి. ఫిబ్రవరిల ఒక అమాస రాత్రి ఎవరినో పిలిపించిన్రు. పొడుగు కర్రకు గుడ్డ చుట్టి, డీజిల్ పోసి అంటించి ట్యాంకు కింద పెట్టిండు. మేమంతా కిటికీలు మూసుకొని లోపల ఉన్నం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ యాదికుంది, పెనం మీద నీళ్ళు చల్లినట్టు. పొద్దున లేచి చూస్తే మేడ అంతా నల్లగ ఈగలు. కొన్ని ఇంకా కాళ్ళు ఆడిస్తున్నయి. స్వీపరమ్మ చీపురుతో ఊడిస్తే రెండు బకెట్లు నిండినయి. తుట్టె ముక్కలు కింద పడి ఉన్నయి. అందుల తెల్లగ పిల్లలు, బియ్యం పురుగుల తీరు. పోరగాళ్ళు తేనె ఉన్న ముక్కలు ఏరుకొని తిన్నరు. నేను కూడ ఒక ముక్క తిన్న. డీజిల్ వాసన వచ్చింది. ఎందుకు తిన్ననో నాకే తెల్వదు. రావిచెట్టు మీది తుట్టెకు మాత్రం కర్ర అందలేదు, అది బతికింది.

ఆ రోజు రాత్రి మా నాయినకు ఫోన్ చేసిన. మా పెంటల సిగ్నల్ ఉండదు, ఆయన గుట్ట ఎక్కి చేస్తేనే దొరుకుతడు, ఆ రోజు అదృష్టం కొద్దీ దొరికిండు. చెప్పిన. కాసేపు ఏమనలేదు. తర్వాత, "తలకాయ కోసుకొని వదిలిపెట్టొచ్చు గద బిడ్డా, పిల్లలను గూడ కాల్చిన్రా" అన్నడు.

తలకాయ అంటే ఏందో తెల్వనోళ్ళకు చెప్తా. పెద్ద ఈగ ఒక్కటే పెద్ద అర కడుతది, ఒక మీటరు వెడల్పు దాకా కూడ పోతది, బయట గాలికే వేలాడుతది. పెట్టె లేదు, తొర్ర లేదు. కొమ్మకు అంటుకొని ఉండే పై మూల లావుగ ఉంటది, తేనె అంతా అక్కడనే. దాన్ని మేం తలకాయ అంటం. కింద అంతా పిల్లలు, పుప్పొడి. మా నాయిన పొగ పెట్టి, ఈగలను పక్కకు జరిపి, తలకాయ మట్టుకే కోస్తడు. పిల్లలున్న అర అట్లనే ఉంటది కాబట్టి ఈగలు విడిచిపోవు. తలకాయ మళ్ళ కట్టుకుంటయి.

ఆ తర్వాత నేను లైబ్రరీల, ఫోన్‌ల వీటి గురించి వెతికి వెతికి చదివిన. మా బుక్కుల ఎపిస్ డార్సేటా అని ఒక్క లైన్ ఉంది. "క్రూర స్వభావం, పెంచుటకు పనికిరాదు" అని. నోట్సుల రాసుకున్న, పరీక్షల రాసిన, మార్కు వచ్చింది. అంతకు మించి ఏం చదివిననో ఇప్పుడు చెప్తా.

తుట్టె మీద ఈగలు పొరలు పొరలుగ పరదా లెక్క కప్పుకొని ఉంటయి గద. కందిరీగ దగ్గరికి వస్తే ఆ పరదా మీద ఒక అల పరుగెత్తుతది. ఒక్కో ఈగ వెనుక భాగం పైకి లేపి దించుతది, దాని పక్కది, దాని పక్కది. క్రికెట్ స్టేడియంల జనం వరసగ లేచి కూర్చున్నట్టు. సెకను కూడ పట్టదు. కందిరీగ అది చూసి వెనక్కి తిరుగుతదని 2008ల ఆస్ట్రియా శాస్త్రవేత్త గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్ వాళ్ళు వీడియోలు తీసి రాసిన్రు. నేను అది రావిచెట్టు కింద నిలబడి కళ్ళారా చూసిన. ఎన్నిసార్లు చూసినా తుట్టె ఊపిరి తీసుకున్నట్టే ఉంటది.

ఇంకొకటి వాటి ఆట. పూలు దొరికిన ఈగ తిరిగి వచ్చి తుట్టె మీద నడుము ఊపుకుంట ఒక గీత లెక్క నడుస్తది, తిరిగి వచ్చి మళ్ళ నడుస్తది. నిట్టనిలువుగ పైకి నడిస్తే పూలు సూర్యుని దిక్కు ఉన్నట్టు. కుడికి ఎంత వంగితే సూర్యునికి కుడికి అంత. ఎంత సేపు ఊపితే అంత దూరం. ఈ భాషను కనుక్కున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973ల నోబెల్ ఇచ్చిన్రు. ఆయన చూసింది పెట్టెల పెంచే ఈగలను. మన పెద్ద ఈగది బయటి తుట్టె కాబట్టి కింద నిలబడి ఫోన్ జూమ్ చేసినా కొంచెం అగుపడుతది.

మా నాయిన ఒక మాట ఎప్పుడూ అంటుండె: "వెన్నెల రాత్రి పెద్ద ఈగ నిద్రపోదు." అందుకే మా వాళ్ళు ఎక్కువ అమాస దగ్గరి చీకట్ల తేనెకు పోతరు. ఇంటర్ చదివేటప్పుడు నేను ఆయనకు చెప్పిన, తేనెటీగలు పగలు మాత్రమే తిరుగుతయి నాయినా, బుక్కుల ఉంది అని. ఆయన "అవునా" అని ఊరుకున్నడు. మళ్ళ వాదించలేదు. ఇప్పుడు చదివితే ఏముంది? పెద్ద ఈగ వెన్నెల్ల నిజంగనే పూలకు పోతదని ఫ్రెడ్ డయ్యర్ అనే శాస్త్రవేత్త 1985ల రాసిండు. పోవుడే కాదు, తిరిగి వచ్చి రాత్రి కూడ ఆట ఆడుతదట. మరి రాత్రి సూర్యుడు ఉండడు గద, దేన్ని చూసి దిక్కు చెప్తది? చంద్రుణ్ణి అనుకుంటం. కాదు. భూమి కింద, కనపడకుండ ఉన్న సూర్యుణ్ణే లెక్క పెట్టుకొని ఆడుతది. ఆ సమయానికి సూర్యుడు ఏ దిక్కున ఉండాలెనో ఈగకు లోపల తెలుసు.

ఇది చదివినప్పుడు రాత్రి పదకొండు అయ్యింది. లేచి మేడ మీదికి పోయిన. ట్యాంకు కింద నల్లటి మసి తప్ప ఏం లేదు.

మార్చి చివరికి రావిచెట్టు మీది ఈగలు కూడ వెళ్ళిపోయినయి. పొద్దున ఉండె, సాయంత్రం చూస్తే ఖాళీ అర వేలాడుతున్నది. ఇవి బతుకుదెరువు కోసం తిరిగేటివి. పూలు ఎక్కడుంటే అక్కడికి, వంద కిలోమీటర్లు, అంతకన్న ఎక్కువ కూడ పోతయి. మళ్ళ కాలానికి అదే చెట్టుకు, అదే కొమ్మకు వస్తయి. అస్సాంల తేజ్‌పూర్ దగ్గర డీఎన్‌ఏ చూసి, వచ్చింది ఏదో కొత్త గుంపు కాదు, పోయినేడు రాణి గుంపే అని తేల్చి 2000ల నేచర్ పత్రికల రాసిన్రు. ఇందుల వింత ఏందంటే, రాణి ఏండ్లు బతుకుతది గానీ దారి ఎరిగిన కూలీ ఈగలు కొన్ని వారాలే బతుకుతయి. పోయేటప్పుడు ఉన్నయి వచ్చేటప్పుడు ఉండవు. అయినా ఆ కొమ్మకే వస్తయి. మా నాయినను అడిగితే, "ఎండలు ముదిరితే మన లోయలకు వస్తయి. మీ హాస్టల్‌యి గూడ మన దగ్గరికే వస్తున్నయేమో" అన్నడు.

ఈ ఏడాది నవంబర్ల పొద్దున బ్రష్ చేసుకుంట చూసిన. రావిచెట్టుకు అదే కొమ్మ, అదే వంపు దగ్గర. పది రోజులకు ట్యాంకు కింద కూడ ఒకటి వచ్చింది. అది కాలిన గుంపుది కాదు, వేరేది అయి ఉంటది. నేను ఎవరికీ చెప్పలేదు. మచ్చలు పడ్డప్పుడు నా దోస్తులు ఇద్దరికి మాత్రం చెప్పిన, మా ఇంటి ముచ్చటతో సహా. వాళ్ళు నవ్వలేదు. "మరి పోయినేడు ఎందుకు చెప్పలేదురా" అన్నరు.

ఫిబ్రవరిల వార్డెన్ సార్ మళ్ళ డీజిల్ మనిషిని పిలుస్తనన్నరు. సార్ తప్పేం లేదు, పిల్లలకు ఏమన్న అయితే ఆయన మీదికే వస్తది. ఈ ఈగ కుడితే ఆషామాషీ కాదు, ఎక్కువ కుడితే ప్రాణం పోతది. నేను ఆయన రూముకు పోయి మూడుసార్లు తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చిన. నాలుగోసారి లోపలికి పోయి చెప్పిన, "సార్, మాది చెంచు పెంట. మా నాయిన తేనె తీస్తడు. ఆయనను ఒకసారి చూడనియ్యండి సార్." సార్ నన్ను కాసేపు చూసి, "పిలువు" అన్నరు.

మా నాయిన వచ్చిండు, మా మామను వెంటబెట్టుకొని. రెండు బస్సులు మారి, చేతిల సంచి, సంచిల తాడు. సార్ "ఒక్కరు చాలు గద" అన్నరు. మా నాయిన, "మా బావమరిది లేంది నేను ఎక్కను సార్" అన్నడు. సార్‌కు అర్థం కాలేదు. మా దగ్గర కొండ చరియకు తాడు కట్టుకొని దిగినప్పుడు పైన తాడు దగ్గర బావమరిదే ఉంటడు. అన్నదమ్ములు ఉండరు. అన్నదమ్ములకు పగ ఉండొచ్చు, ఆస్తి ఉండొచ్చు. బావమరిది మాత్రం తన అక్కనో చెల్లెనో ముండమోపిగ చూడలేడు, అందుకే చెయ్యి వదలడు. మా పెంటల తేనెకు పోయి పడి చచ్చినోళ్ళు ఉన్నరు, ఇది ఉత్త ఆచారం కాదు. నేను వివరించి చెప్తే సార్ గట్టిగ నవ్విన్రు, నవ్వి మళ్ళ "మంచి పద్ధతే" అన్నరు.

మా నాయిన మెస్‌ల ఇచ్చిన ఇనుప నిచ్చెన సగం దాకా ఎక్కి చూసిండు. మామ కింద నిచ్చెనను రెండు చేతులతో పట్టుకొని ఉన్నడు. అది గోడకు కొక్కెం వేసి ఉన్నది, కదలదు. అయినా పట్టుకున్నడు. దిగి వచ్చి మా నాయిన చెప్పిండు, "తేనె లేదు సార్, అన్నీ పిల్లలే. ఇంకో నెలకు అవే పోతయి. తీయొద్దు." ఏం జాగ్రత్తలు అంటే, మేడ మీద లైటు రాత్రి ఆపాలె, వెలుతురుకు వచ్చి పడుతయి, తొక్కితే కుడుతయి. ట్యాంకు దిక్కు కిటికీలకు పరదా కట్టాలె. బట్టల దండెం అవతలి గోడకు మార్చాలె. రాయి విసరొద్దు, కింద చెత్త కాలబెట్టొద్దు. ఒకటి కుడితే అక్కడ నిలబడి కొట్టుకోవద్దు, లోపలికి ఉరికి తలుపేసుకోవాలె. సార్ రిజిస్టర్ల వెనుక పేజీల రాసుకున్నరు. నేను దగ్గరుండి చూసిన, మా నాయిన చెప్తుంటే సార్ రాసుకునుడు.

బస్సు లేక ఆ రాత్రి ఇద్దరూ హాస్టల్‌లనే పడుకున్నరు. పున్నమి దగ్గరికి వచ్చింది. పది గంటలకు మేడ మెట్ల మీద కూర్చున్నం, దోస్తులు కూడ ఐదారుగురు వచ్చిన్రు. లైటు ఆపినం. వెన్నెల్ల ఈగలు పోతున్న చప్పుడు వినబడ్డది, ట్యాంకు అంచు దాటేటప్పుడు ఒక్కొక్కటి మెరిసింది. నేను నాయినకు చెప్పిన, "నువ్వు చెప్పిందే నిజం నాయినా. నేనే తప్పు చెప్పిన." తర్వాత ఆట గురించి, భూమి కింది సూర్యుని గురించి చెప్పిన. వాళ్ళు దాన్ని ఎట్ల కనిపెట్టిన్రో నాకు అర్థమైనంత చెప్పిన. ఆయన ఆశ్చర్యపోతడు అనుకున్న.

ఆయన బీడీ అంటించబోయి, ఈగలు యాదికొచ్చి మళ్ళ జేబుల పెట్టుకొని, "సూర్యుడు యాడికి పోతడురా, కిందనే ఉంటడు గద. మనకు అగుపడడు, గంతే" అన్నడు.

మామ మాత్రం ఆశ్చర్యపోయిండు. "దాన్ని గూడ చూసి రాసిన్రా అల్లుడా? రాత్రంతా కూర్చొనా?" అని రెండుసార్లు అడిగిండు.

ఆ నెలల ఒకడిని రెండు ఈగలు కుట్టినయి, చెయ్యి వాచింది, హాస్పిటల్‌కు తీస్కపోయినం, సాయంత్రానికి తగ్గింది. ఆ రోజు మాత్రం నాకు భయమైంది, సార్ మాట మారుస్తరని. మార్చలేదు. మార్చి 27 నాడు ట్యాంకు కిందియి పోయినయి, తర్వాత నాలుగు రోజులకు రావిచెట్టుయి. ఖాళీ అర కింద పడితే తీసి నా పెట్టెల పెట్టుకున్న, మైనం వాసన ఇంకా ఉంది.

ఒక మాట అడగాలె మిమ్ముల. ఈ ఈగకు మా దగ్గర పెద్ద ఈగ, పెద్ద తేనె అంటం. గోండు, కోయ, కోలాం, లంబాడి, కొండరెడ్డి అన్నలు, అక్కలు మీ భాషల ఏమంటరో, తేనె తీసేటప్పుడు తాడు ఎవరు పట్టుకుంటరో కింద రాయండి. వెన్నెల రాత్రి సంగతి మీ తాతలు, అవ్వలు ఏమన్నరో అది కూడ అడిగి రాయండి. నేను ఒక నోట్‌బుక్ పెట్టిన, అందుల రాసుకుంటున్న.